తొలి హారర్ చిత్రం తరువాత ఏమిటి? స్వతంత్ర దర్శకుల దారులపై చర్చ

మండువాలోగిలి:

మిత్రులందరికీ నమస్కారం. కోనసీమలో మా మేనమామగారి పాత మండువా ఇంట్లో 18 రాత్రుల పాటు చిత్రీకరించిన నా తొలి హారర్ చిత్రం గత నెలలో మొదటి కూర్పు పూర్తి చేసుకున్నది. నిడివి 94 నిమిషాలు. పేరున్న నటులు ఎవరూ లేరు. నా పొదుపు, మా బావగారు ఇచ్చిన అప్పు, నలుగురు స్నేహితులు వేసుకున్న వాటాలు, ఇవే పెట్టుబడి. ఇప్పుడు ఒక సంస్థ, అన్ని భాషలకూ అన్ని మాధ్యమాలకూ సంబంధించిన హక్కులను శాశ్వతంగా ఏకమొత్తానికి కొంటామని ముందుకు వచ్చింది. ఆ సొమ్ము తీసుకుంటే అప్పు తీరుతుంది, స్నేహితులకు వాటాలో సగానికి పైగా తిరిగి వస్తుంది, నాకు మాత్రం రూపాయి మిగలదు. రీమేకు, రెండో భాగం కూడా వారివే అవుతాయి.

హారర్‌తో మొదలుపెట్టిన వారి తొలి చిత్రాల గురించి మనందరం చాలా చదివాము. ఆ తరువాతి అయిదేళ్లు, పదేళ్లు వారు ఎలా గడిపారన్నది మాత్రం ఎవరూ అంతగా రాయరు. ఎవరు నిలబడ్డారు, ఎవరు కనిపించకుండా పోయారు, అందుకు కారణాలేమిటి అన్న విషయాన్ని తెలిసినవారు వివరంగా రాస్తే నా నిర్ణయానికి ఆధారం దొరుకుతుంది.

రెండోఆట:

మీ ప్రశ్నకు మొదట అమెరికా దర్శకుడు శామ్ రైమీ గుర్తుకు వస్తారు. మిషిగన్‌కు చెందిన ఈయన, నిర్మాత రాబర్ట్ ట్యాపర్ట్, నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్ కలిసి 1978లో సూపర్ 8 ఫిల్ముపై ఒక లఘుచిత్రం తీసి, దానిని ఊళ్లోని దంతవైద్యులకు, న్యాయవాదులకు, వ్యాపారులకు చూపించి పెట్టుబడి కూడగట్టారు. ఆ డబ్బుతో టెన్నెసీ రాష్ట్రపు అడవిలో ఒక పాడుబడిన కలప ఇంట్లో 'ది ఈవిల్ డెడ్' తీశారు. కెమెరా కదలికకు ఖరీదైన పరికరాలు తెచ్చుకునే స్తోమత లేక, పొడవాటి చెక్క పలక నడుమ కెమెరాను బిగించి, చెరొక కొసనూ ఒకరు పట్టుకుని నేలను తాకీ తాకకుండా చెట్ల మధ్య పరుగెత్తారు. కంటికి కనిపించని దయ్యం మన మీదికి దూసుకువస్తున్నట్లు అనిపించే ఆ షాట్లన్నీ ఆ పలక మీదనే పుట్టాయి. 1981లో తొలి ప్రదర్శన జరిగింది. 1982లో కాన్స్ చిత్రోత్సవంలో హారర్ నవలా రచయిత స్టీఫెన్ కింగ్ చూసి బహిరంగంగా మెచ్చుకున్న తరువాతే ఆ చిత్రానికి దారి తెరుచుకున్నది.

అయితే మీరు గమనించవలసిన విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆయన రెండో చిత్రం 'క్రైమ్‌వేవ్' 1985లో విడుదలై ఘోరంగా విఫలమైంది. అప్పుడు ఆయనను నిలబెట్టినది మళ్లీ ఆ అడవిలోని ఇల్లే. 1987లో రెండో భాగం తీయగలిగారు, ఆ తరువాత 1990లో 'డార్క్‌మ్యాన్' వచ్చింది, 'స్పైడర్‌మ్యాన్' చేతికి వచ్చి విడుదలయ్యేసరికి 2002. తొలి ప్రదర్శన నుంచి లెక్కిస్తే 21 సంవత్సరాలు. దెబ్బతిన్న రోజున తిరిగి వెళ్లడానికి ఆయనకు తనదైన కథ ఒకటి ఉండటం వల్లనే ఈ ప్రయాణం సాగిందని నేను నమ్ముతున్నాను. రెండో భాగం హక్కు మీ చేతిలో ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ప్రసంగవశాత్తు మరొక మాట. 'ది ఈవిల్ డెడ్'కు సహాయ ఎడిటర్‌గా పనిచేసి, తరువాత దర్శకుడైన జోయెల్ కోయెన్, తమ్ముడు ఈథన్‌తో కలిసి తమ తొలి చిత్రానికి డబ్బు సేకరించవలసి వచ్చినప్పుడు ఇదే పద్ధతిని అనుసరించి, ముందుగా ఒక ట్రైలర్ తీసి పెట్టుబడిదారులకు చూపించారు.

న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ జాక్సన్ దారి కొంత వేరు. వెల్లింగ్టన్‌లో ఒక వార్తాపత్రికలో ఫోటో ఎన్‌గ్రేవర్‌గా ఉద్యోగం చేసుకుంటూ, స్నేహితులతో కలిసి ఆదివారాలు, సెలవు రోజులు కలుపుకుని నాలుగేళ్ల పాటు 'బ్యాడ్ టేస్ట్' తీశారు. గ్రహాంతరవాసుల ముఖాలకు కావలసిన తొడుగులను ఇంట్లో తల్లి వంటకు వాడుకునే ఓవెన్‌లోనే కాల్చారు. సొంత డబ్బు అయిపోయిన దశలో ఆ దేశపు ఫిల్మ్ కమిషన్ చిత్రం పూర్తి చేయడానికి సాయం చేసింది. ఆ కమిషన్‌లో ముఖ్యపదవిలో ఉన్న జిమ్ బూత్, తరువాత ఆ ఉద్యోగం వదిలి జాక్సన్‌కే నిర్మాతగా మారారు. 1987లో 'బ్యాడ్ టేస్ట్', 1992లో 'బ్రెయిన్‌డెడ్', 1994లో 'హెవెన్లీ క్రీచర్స్' వచ్చాక గానీ 2001 నాటి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాలేదు. చివరి మెట్టు మీద ఉన్న మనిషిని మాత్రమే చూసేవారికి ఈ నడుమ మెట్లు కనిపించవు.

మోన్రోవిల్‌వాసి:

నేను అమెరికాలో పిట్స్‌బర్గ్‌కు తూర్పున ఉంటాను. పెన్‌హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి వచ్చే తెలుగువారిలో చాలామందికి, అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న మోన్రోవిల్ మాల్‌లో 1978 నాటి 'డాన్ ఆఫ్ ది డెడ్' చిత్రీకరణ జరిగిందని తెలియదు. దుకాణాలు మూసివేసిన తరువాత రాత్రంతా పనిచేసి, తెల్లవారి తలుపులు తెరిచే వేళకు సామగ్రి సర్దుకుని వెళ్లిపోయేవారట. దర్శకుడు జార్జ్ రొమెరో జీవితాన్ని మీ ఒప్పందం పక్కన పెట్టి చదవమని కోరుతున్నాను.

రొమెరో హాలీవుడ్ మనిషి కాదు. పిట్స్‌బర్గ్‌లో వ్యాపార ప్రకటనలు, పరిశ్రమలకు సంబంధించిన చిన్న చిత్రాలు తీసే సంస్థ నడిపారు. పదిమంది కలిసి ఒక్కొక్కరు 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' దాదాపు 1,14,000 డాలర్లతో పూర్తయి 1968లో విడుదలైంది. నలుపు తెలుపు చిత్రం కావడం వల్ల రక్తానికి బదులు చాక్లెట్ సిరప్ వాడారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం విడుదలయ్యే ప్రతిపై కాపీరైట్ ప్రకటన తప్పనిసరిగా ఉండాలి. పంపిణీ దశలో చిత్రం పేరు మార్చినప్పుడు, పాత పేరున్న టైటిల్ కార్డుతో పాటు ఆ ప్రకటన కూడా తొలగిపోయింది. కొత్త కార్డుపై ఎవరూ దానిని చేర్చలేదు. ఆ ఒక్క పంక్తి లేకపోవడంతో చిత్రం ప్రజల ఆస్తిగా మారింది. ఎవరైనా ప్రింట్లు తీయవచ్చు, టెలివిజన్‌లో వేయవచ్చు, క్యాసెట్లు అమ్ముకోవచ్చు. ప్రపంచమంతా చూసిన చిత్రం నుంచి తీసినవారికి రావలసినది రాలేదు.

తరువాత తీసిన మూడు చిత్రాలు ఆడలేదు. కొంతకాలం క్రీడాకారులపై టెలివిజన్ డాక్యుమెంటరీలు తీస్తూ గడిపారు. పదేళ్లకు 'డాన్ ఆఫ్ ది డెడ్' వచ్చింది. ఈసారి ఇటలీ దర్శకుడు డారియో అర్జెంటో పెట్టుబడిలో భాగం పంచుకుని, అందుకు ప్రతిగా ఆంగ్లం మాట్లాడని దేశాలలో తన సొంత కూర్పుతో విడుదల చేసుకునే హక్కు తీసుకున్నారు. అంటే రొమెరో హక్కులను గంపగుత్తగా అమ్మలేదు, ప్రాంతాలుగా విభజించి ఇచ్చారు. నటీనటుల కన్నా, రక్తపు సీసాల కన్నా ఈ ఒక్క ఏర్పాటే ఆ చిత్రాన్ని సాధ్యం చేసిందని నా అభిప్రాయం. మీ ముందున్న కాగితంలో 'శాశ్వతంగా', 'అన్ని భాషలు' అన్న రెండు మాటలనూ వేర్వేరుగా బేరమాడవచ్చు. రెండూ ఒకేసారి వదులుకోవడం మాత్రం సరికాదు.

పాతటాకీసు:

నేను పశ్చిమగోదావరి జిల్లాలో ఒక థియేటరును చాలా ఏళ్లు నడిపాను. పై ఇద్దరు మిత్రులు చెప్పినవి విలువైన విషయాలే అయినా, వారితో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. హక్కులు చేతిలో పెట్టుకుని చిత్రాన్ని పెట్టెలో దాచుకున్నవారిని నేను చాలామందిని చూశాను. నాకు బాగా తెలిసిన ఒక కుర్రవాడు మూడేళ్ల పాటు మంచి బేరం కోసం ఎదురుచూశాడు. ఆ మూడేళ్లలో వడ్డీ అసలును దాటింది, చిత్రంలోని సెల్‌ఫోన్లు, బట్టలు పాతబడిపోయాయి, చివరికి అతడు పొలం అమ్మి అప్పు తీర్చాడు. అప్పు ఇచ్చిన బావగారితో పండగ పూట కలిసి కూర్చోగలగడం కూడా ఒక దర్శకుడి వృత్తి జీవితంలో భాగమే.

సెన్సారు సంగతి కూడా ఆలోచించండి. పెద్దలకు మాత్రమే అన్న ఎ ధ్రువపత్రం పొందిన చిత్రాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేయడానికి వీలులేదు. కోతలు పెట్టి మళ్లీ యూఏ, అంటే పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగినదన్న ధ్రువపత్రం, తెచ్చుకోవలసి వస్తుంది. 2024 నియమాలలో యూఏను 7, 13, 16 ఏళ్ల వయసులుగా విభజించారు గనుక, కూర్పు దశలోనే ఆ తేడాను దృష్టిలో పెట్టుకోవడం మంచిది. కొనుగోలుదారు మీకు చెప్పే ధరలో ఈ లెక్క తప్పక ఉంటుంది.

హారర్ నుంచి బయటపడి పెద్ద చిత్రాలకు వెళ్లడమే విజయమన్నట్లు చర్చ నడుస్తున్నది. ఆ మాట కూడా నేను ఒప్పుకోను. హిందీలో హారర్ చిత్రాలు తీసిన రామ్సే కుటుంబాన్ని చూడండి. 1970లో వారి హిందీ చిత్రం ఒకటి దెబ్బతిన్నది. అయినా పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముఖతొడుగు వేసుకుని మ్యూజియంలో దొంగతనం చేసే సన్నివేశానికి మాత్రం జనం ఊగిపోవడాన్ని ఆ సోదరులు హాలులో కూర్చుని గమనించారు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' చిత్రాన్ని మహాబలేశ్వర్‌లో, కుటుంబమంతా ఒకేచోట బస చేసి తీశారు. ఒక సోదరుడు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు కూర్పు, ఇద్దరు దర్శకత్వం చూసుకున్నారు. 1984 నాటి 'పురానా మందిర్' మంచి లాభాలు తెచ్చింది, 1993లో వారు జీ టీవీకి హారర్ ధారావాహిక కూడా చేశారు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే రకం చిత్రాలతో ఒక ఉమ్మడి కుటుంబం అన్నం తిన్నది. దానిని చిన్న వృత్తి అనగలమా?

నిలువుటద్దం:

నేను సహాయ దర్శకురాలిని, హైదరాబాదులోనే పనిచేస్తున్నాను. మన చుట్టుపక్కల ఉదాహరణలు రాలేదు గనుక రాస్తున్నాను.

కార్తీక్ సుబ్బరాజ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ లఘుచిత్రాలు తీసి, తమిళ టెలివిజన్‌లో 'నాళయ ఇయక్కునర్' పోటీ ద్వారా గుర్తింపు పొందారు. తీయాలనుకున్న పెద్ద కథకు నిర్మాత దొరకకపోవడంతో, తక్కువ ఖర్చుతో తీయగలిగిన కథగా 'పిజ్జా' రాసుకున్నారు. 2012లో ఆ చిత్రం విజయవంతమయ్యాక 2014లో తొలి కోరిక అయిన 'జిగర్తండా' తీశారు, 2019 నాటికి రజనీకాంత్‌తో 'పేట' తీశారు. ఇక్కడ హారర్ ఆయనకు గమ్యం కాదు, తలుపు.

మలయాళంలో రాహుల్ సదాశివన్ అనుభవం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఆయన తొలి చిత్రం 'రెడ్ రెయిన్' 2013లో వచ్చి వెళ్లిపోయింది. రెండో చిత్రం 'భూతకాలం' వచ్చేసరికి 2022 అయింది, అదీ థియేటరుకు కాక నేరుగా సోనీలివ్‌కు. తల్లీకొడుకులు, ఒక అద్దె ఇల్లు, వారి మధ్య పేరుకున్న నిస్పృహ, ఆ చిత్రంలో ఉన్నది దాదాపు ఇంతే. తల్లిగా నటించిన రేవతి, అంతకు 30 ఏళ్ల క్రితం రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'లో దయ్యం పట్టిన అమ్మాయిగా మనల్ని వణికించిన నటి కావడం నాకెంతో ఇష్టమైన విషయం. రెండేళ్లకే మమ్ముట్టితో, పూర్తిగా నలుపు తెలుపులో 'భ్రమయుగం' తీశారు. ఆ తొమ్మిదేళ్ల విరామాన్ని ఎవరూ విజయగాథగా రాయరు, కానీ ఇప్పుడు మీరు నిలబడి ఉన్నది సరిగ్గా ఆ చోటనే.

తెలుగులో 'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది. చేతబడి చుట్టూ అల్లిన ఆ గ్రామీణ కథను జనం ఇళ్లలో చూసి ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల, 2023లో రెండో భాగం థియేటర్లలోనే విడుదల కాగలిగింది. మొదటి భాగంతో పాటే రెండో భాగం హక్కులూ వదులుకుంటే, అలా పెరిగిన ఆదరణ ఫలితం వేరొకరి ఇంటికి వెళుతుంది. 'మసూద' సంగతి వేరు. దాని నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా అంతకుముందు 'మళ్ళీ రావా'ను, 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'ను కూడా కొత్త దర్శకులతోనే తీశారు. కొత్తవారిని నమ్మే అలవాటున్న నిర్మాత ఒకరు దొరకడం, పదిమంది కొనుగోలుదారులు దొరకడం కన్నా ముఖ్యమని నా అనుభవం చెబుతున్నది.

మహిళా దర్శకుల ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగడం నాకు బాధగా ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన జెన్నిఫర్ కెంట్ నటిగా శిక్షణ పొంది, తరువాత దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్‌కు ఉత్తరం రాసి ఆయన సెట్లో పని నేర్చుకున్నారు. 2005లో పది నిమిషాల లఘుచిత్రం తీసి, ఆ బీజాన్నే పెంచి 2014లో 'ది బాబడూక్'గా మలిచారు. భర్త పోయిన స్త్రీ, నిద్రపోని పిల్లవాడు, ఇంట్లో దొరికిన ఒక బొమ్మల పుస్తకం, ఆ కథ ఇంతే. సెట్టింగుల కోసం కొంత సొమ్మును కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుంచి సేకరించారు. ఆమె తరువాత దయ్యాల కథ వదిలి 2018లో 'ది నైటింగేల్' వంటి చరిత్రాత్మక చిత్రం తీశారు. తొమ్మిదేళ్లు ఒకే కథను విడవకుండా పట్టుకున్న ఆ ఓపిక నాకు ఆదర్శం.

ఫోలీగది:

హక్కుల విషయం పెద్దలు చెప్పారు. నేను శబ్దం పనిచేసేవాడిని గనుక నాకు తెలిసిన మేరకు చెబుతాను. మొదటి కూర్పు మీదనే చిత్రాన్ని అమ్మడానికి సిద్ధపడటం నాకు ఆందోళన కలిగించింది. హారర్‌లో శబ్దం చేయని చిత్రం సగం చిత్రమే, దానికి వచ్చే ధర కూడా సగమే. జాన్ కార్పెంటర్ 1978 నాటి 'హాలోవీన్'కు సంగీతం తానే కట్టారు, సంగీతం లేని కూర్పును చూసిన ఒక స్టూడియో ఉద్యోగికి భయమే వేయలేదని ఆయన చెప్పుకున్నారు.

ఒక చిన్న విషయం. మీది మండువా ఇల్లు అంటున్నారు. ఆ వీధి తలుపు బందులకు ఎవరూ నూనె రాయకముందే వెళ్లి, తలుపును తెరిచి మూసే శబ్దాన్ని మూడు వేగాలలో రికార్డు చేసుకోండి. గడియ పెట్టే శబ్దం, తీసే శబ్దం విడివిడిగా తీసుకోండి. తరువాత మనుషులందరినీ బయటకు పంపి, ఫ్రిజ్, ఫ్యాన్లు, ఇన్వర్టర్ ఆపి, అర్ధరాత్రి దాటాక ఆ మండువాలోని నిశ్శబ్దాన్ని పది నిమిషాల పాటు పట్టండి. ఆకాశానికి తెరిచి ఉన్న ఇంటి నిశ్శబ్దం, కప్పున్న గది నిశ్శబ్దం ఒకటి కావు. ఆ పది నిమిషాలు లేకపోతే డబ్బింగ్ మాటలు చిత్రానికి అతికించినట్లు వినిపిస్తాయి, ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా భయం విడిపోతుంది.

మోన్రోవిల్‌వాసి:

పాతటాకీసు గారూ, అప్పు గురించి మీరు చెప్పినది నేను కాదనను. హారర్‌లోనే ఉండిపోవడం కూడా ఒక దారేనన్న మీ మాటకు నా వైపు నుంచి మరొక ఉదాహరణ చేరుస్తాను. డేమియన్ లియోన్ మేకప్ పనివాడు. తాను సృష్టించిన విదూషకుడి పాత్రను 2008 నుంచి లఘుచిత్రాలలో చూపిస్తూ, 2016లో 'టెరిఫయర్' తీశారు. రెండో భాగానికి అభిమానుల నుంచి ఇండీగోగో ద్వారా నిధులు సేకరించి సుమారు 2,50,000 డాలర్లతో పూర్తి చేశారు. 2024లో వచ్చిన మూడో భాగం సుమారు 20 లక్షల డాలర్ల ఖర్చుతో తయారై 9 కోట్ల డాలర్ల వరకు వసూలు చేసింది. ఆ పాత్రను తొలి లఘుచిత్రం నాడే ఎవరికైనా అమ్మి ఉంటే ఈ ప్రయాణం ఉండేది కాదు.

దీనికి ఎదురుగా 1999 నాటి 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' ఉన్నది. సన్‌డాన్స్ ఉత్సవంలో సుమారు 11 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 24.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది. మరుసటి ఏడాదే రెండో భాగం వచ్చింది, దానికి దర్శకుడు మాత్రం వేరొకరు. తొలి చిత్రం తీసిన డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్‌లలో ఎవరి తదుపరి కథాచిత్రమైనా రావడానికి ఏడేళ్లు పట్టింది. నటించిన ముగ్గురూ 2024లో కూడా తమకు న్యాయమైన చెల్లింపు కోరుతూ బహిరంగంగా అడగవలసి వచ్చింది. చిత్రం గెలవడం, చిత్రం తీసినవారు గెలవడం రెండు వేర్వేరు సంగతులు.

పాతటాకీసు:

ఈ చివరి ఉదాహరణ నన్ను ఆలోచింపజేసింది. నా మాటను కొంత సవరించుకుంటాను. అమ్మండి, కానీ కాలపరిమితితో అమ్మండి. మా థియేటరు రోజులలో కూడా జిల్లా హక్కులను అయిదేళ్లకు, ఏడేళ్లకు తీసుకునేవాళ్లం తప్ప శాశ్వతంగా అడిగినవారు అరుదు. గడువు తీరాక అదే చిత్రం మళ్లీ అమ్ముడుపోవడం నా కళ్లతో చూశాను.

మండువాలోగిలి:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా బావగారితో కూర్చుని ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయన తన అప్పుకు మరో ఏడాది గడువు ఇస్తానన్నారు, వడ్డీ మాత్రం నెలనెలా కట్టమన్నారు. స్నేహితులు నలుగురిలో ముగ్గురు ఆగడానికి ఒప్పుకున్నారు. నాలుగో అతనికి చెల్లెలి పెళ్లి ఉన్నందున అతని వాటా నేను ముందుగా తీర్చాలి, అందుకు నా బండి అమ్ముతున్నాను.

ఆ సంస్థకు ఈరోజు ఉదయం ఉత్తరం పంపాను. తెలుగు డిజిటల్ హక్కులు ఏడేళ్లకు మాత్రమే ఇస్తానని, శాటిలైట్, ఇతర భాషల డబ్బింగ్ హక్కులు విడిగా మాట్లాడుకోవాలని, రీమేకు, రెండో భాగం, పాత్రలపై హక్కులు నా దగ్గరే ఉంటాయని రాశాను. శబ్దం పూర్తయిన తరువాతే చిత్రం చూసి ధర చెప్పమని కోరాను. వారు తిరస్కరించే అవకాశం ఉందని తెలిసే రాశాను.

ఫోలీగది గారూ, మా మేనమామగారికి ఫోన్ చేసి వీధి తలుపుకు నూనె రాయవద్దని చెప్పాను. అత్తయ్య సంక్రాంతికి ముందు రంగులు వేయించాలనుకుంటున్నారు గనుక వచ్చే శనివారం రాత్రే వెళ్లాలి. ఆ నిశ్శబ్దాన్ని పట్టడానికి ఎటువంటి మైకు తీసుకువెళ్లమంటారు?

ఫోలీగది:

మైకు కొనకండి, నా దగ్గరున్నవి తెస్తాను. శుక్రవారం రాత్రి బస్సుకు నాకు కూడా ఒక టికెట్టు తీయండి. ఇంట్లో గోడ గడియారం ఉంటే దానిని మాత్రం ముందుగానే ఆపించండి.